కొసరు గాలి

మా నాయన చేతి మీదుగా ఏ సరుకూ కొలిచినంత మాత్రమే బయటికి పోయింది లేదు. బనగానపల్లెలో మాది పప్పులూ బెల్లమూ అమ్మే అంగడి. పడి కందిపప్పు అడిగితే పడి నిండా పోసి, ఆ పైన ఒక పిడికెడు వేసేవాడు. దాన్ని కొసరు అంటారు. కొసరు వెయ్యని అంగడికి మా వైపు మనుషులు రెండోసారి పోరు. కొసరు వద్దనే మనిషీ ఉండడు. వద్దంటే, ఇచ్చినవాడి ముఖాన కొట్టినట్టు లెక్క. ఇంట్లో అన్నాల దగ్గరా ఇదే వరస. చాలు చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే మనిషి ఆయన. ఇది చాలా గొప్ప గుణమని నేను ఇరవై రెండేళ్ళు నమ్మాను. కర్నూలు మైదానంలో ఒక పొద్దుటి పూట ఆ నమ్మకం నిలువునా కూలింది. ఆనాటి అదురు ఇన్నేళ్ళయినా నాలో తగ్గలేదు. 

అంగడితో పాటు నాయనకు ఒక బస్సు కూడా ఉండేది. బనగానపల్లె నుంచి నంద్యాల దాకా రోజుకు రెండుసార్లు పోయి వచ్చేది. దాన్ని నడిపేది మా అమ్మ తమ్ముడు, మా మామ. బక్కపలచని మనిషి, మాట తక్కువ. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం దొరబాబు. గతుకుల రోడ్డులో ఆయన నడిపే బస్సులో ముసలివాళ్ళు కూర్చునే నిద్రపోయేవాళ్ళు.

ఒక శివరాత్రికి నాయన ఆ బస్సు నిండా చుట్టాలను ఎక్కించి మహానందికి బయలుదేరదీశాడు. టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బస్సుకు పూలమాలలు వేసి, తాను మామ పక్క సీట్లో కూర్చున్నాడు. నేను వెనక ఉన్నాను. మా అత్త, అంటే మామ భార్య, కిటికీ పక్కన కూర్చుంది. నంద్యాలకు ఇంకా దూరముందనగా ఒక వాగు వంక దగ్గర రోడ్డు మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో బస్సు వెనక భాగం గరుసు కంకర మీద పక్కకు జరిగి, ఇంకా జరిగి, మెల్లగా వంకలోకి ఒరిగిపోయింది. అడుగున ఇసుక కాబట్టి ప్రాణాలు దక్కాయి. అందరికీ గీరుకుపోయిన దెబ్బలే. అత్తకు మాత్రం కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది.

ఆ ఇసుకలోనే, చుట్టాలందరి ముందర, నాయన మామతో అన్నాడు. "తొందర తొందర అని మమ్మల్ని సంపబోతివి గదప్పా! ఇంక ఈ జన్మలో స్టీరింగు ముట్టొద్దు."

మామ "సరే బావా" అన్నాడు. అంతే. అందరూ వేగం, వేగం అన్నారు. నన్నూ అడిగారు. బస్సు అంత వేగంగా పోలేదని నాకు గుర్తుంది. అయినా పెద్దవాళ్ళంతా అంటుంటే నేనూ వేగమే అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరితోనూ చెప్పుకోలేదు.

బస్సును నాయన అమ్మేశాడు. మామ మా అంగట్లో మూటలు తూకం వేస్తూ ఉండిపోయాడు. అత్త చేతికి నాటు వైద్యుడు కట్టు కట్టాడు గానీ అది వంకరగానే అతుక్కుంది. ఆ చెయ్యి నోటిదాకా రాదు. అన్నం ఎడమచేత్తో కలుపుకోవాల్సి వచ్చింది. అందుకని పెళ్ళిళ్ళలో, వ్రతాల్లో నలుగురితో పంక్తిన కూర్చోవడం మానేసింది. వంటింటి మూలన అందరూ తిన్నాక తినేది. మామను ఒక్క మాట అనేది కాదు. ఎవరైనా కదిపితే, "మనిసన్నాక తప్పు జరగదా? నేనెప్పుడో మరిసిపోయినా" అనేది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె ఓర్పును కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. కర్నూలు రాజధాని అయింది. డేరాల్లో ఆఫీసులు వెలిశాయి, వాటి వెంట కార్లున్న ఆఫీసర్లు, డాక్టర్లు, ప్లీడర్లు దిగారు. వాళ్ళకు సాయంత్రాలు ఏం తోచేది కాదేమో, ఊరి బయట మైదానంలో కార్ల పందెం పెట్టారు. పక్కపక్కన పరుగెత్తించేది కాదు. సున్నం పూసిన కడవలను వరసలుగా నిలబెడతారు. ఒక్కొక్క కారే ఆ కడవల మధ్య మెలికలు తిరుగుతూ పోయి, చివర ఒక పీపాను చుట్టి రావాలి. గడియారం పట్టుకుని ఒకాయన కాలం చూస్తాడు. కడవ పగిలితే ఆ కాలానికి మరికొంత కలుపుతారు. జనం దాన్ని కడవల పందెం అన్నారు. ఒక షరతు ఉంది. జీతానికి బండి నడిపేవాళ్ళు రాకూడదు, సరదాకు నడిపేవాళ్ళే రావాలి.

ఈ సంగతి విన్న రోజు మామ త్రాసు వదిలి నాయన ముందుకు వచ్చి నిలబడ్డాడు. నాలుగేళ్ళలో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

"బావా, నేనిప్పుడు జీతానికి నడపడంల్యా గదా. మామిడితోటకు పోయే మన కారు ఇస్తే నేనా పందెంలో ఒకసారి తిరిగొస్తా."

నాయన చాలాసేపు పొగాకు నములుతూ కూర్చున్నాడు. ఆయన వద్దనేవాడే. గుమ్మం అవతలి నుంచి అత్త మాట వినబడింది. "పోనీండన్నా. ఒక్క కడవ గూడా పగలకుండా వస్తే నేను ఆయప్ప పక్కన కూచోని ఆ కార్లోనే ఇంటికొస్తా." నాలుగేళ్ళుగా ఆమె ఏ మోటారు బండీ ఎక్కలేదు. నంద్యాలలో సొంత చెల్లెలి పెళ్ళికి కూడా ఎద్దులబండి మీద పోయింది. మామ తల ఎత్తలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు కావలసింది పందెం గెలవడం కాదని, ఆ పక్క సీటు నిండడమని నాకు అప్పుడే అర్థమైంది.

నాయన ఒప్పుకున్నాడు. ఊరవతల బీడులో పాత కుండలు పెట్టుకుని మామా నేనూ పదిహేను రోజులు సాధన చేశాం. సాధనంటే నడపడం పావు వంతు, గాలి చూడడం ముప్పావు వంతు. గాలి కొలిచే గేజి ఒకటి మామ దగ్గర బస్సు నాటిది ఉంది. దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకున్నాడు. టైర్ల అంచు మీద తడి సున్నం గీతలు గీసేవాడు. కుండల మధ్య ఒక చుట్టు తిప్పి దిగి, ఆ గీత ఎంత మేర చెరిగిందో వంగి చూసేవాడు. గీత పూర్తిగా చెరిగిపోతే గాలి తక్కువైనట్టు, మలుపులో టైరు పక్కకు మడతపడుతున్నట్టు. అసలు చెరగకపోతే గాలి ఎక్కువైనట్టు.

"ఎక్కువుంటే మంచిదే గదా మామా? గట్టిగ ఉంటాది" అన్నాను ఒకరోజు.

"గట్టిగుంటే నేలను యాడ పట్టుకుంటాది అల్లుడూ? పైపైన ఎగురుతాది. సూద్దువు గానీ రా" అని నాలుగు టైర్లకూ ముప్పయి నాలుగు పౌన్ల గాలి కొట్టించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మలుపు తిప్పాడు. వెనక చక్రాలు గరుసు మీద గరగరమని పక్కకు జరిగాయి. ఆ చప్పుడు నాకు తెలుసు. 

"మామా, ఆ పొద్దు బస్సు గూడా ఇట్లనే గదా..."

"ఆ గేజి ఇట్లియ్యి" అన్నాడు మామ. దిగి, వంగి గాలి తీయడంలో పడ్డాడు. నేనూ అంతటితో వదిలేశాను. బుర్రలో ఉన్న గుజ్జు ఏం చేస్తుండిందో ఇప్పుడు ఆలోచిస్తే నా మీద నాకే మండుతుంది.

చివరికి లెక్క తేలింది. ముందు చక్రాలకు ఇరవై ఆరు, వెనక వాటికి ఇరవై నాలుగు. అదీ పొద్దున చల్లపూట కొలిచి పెట్టాలి. ఎండెక్కితే దానంతటదే రెండు పౌన్లు పెరుగుతుంది, ఆ పెరిగేదీ లెక్కలోదే. ఒక పౌను అటూ ఇటూ అయినా మామ ఒప్పుకునేవాడు కాదు. బంగారం తూచే ఆసామి కూడా అంత చాదస్తంగా ఉండడు.

పందెం రోజుకు ముందే కర్నూలు చేరి, చుట్టాలింట్లో దిగాం. మామ, నేను కారులో వచ్చాం. నాయన, అత్త ఎద్దులబండిలో వచ్చి ఆ దారంతా ఒళ్ళు హూనం చేసుకున్నారు. తెల్లవారగానే మామ మైదానంలో కారు నిలబెట్టి, నాలుగు టైర్లూ కొలిచి, ఒక్కొక్కదానికీ రెండుసార్లు గేజి పెట్టి, మూతలు బిగించాడు. కడవలు ఎలా పెట్టారో నడిచి చూసి వస్తానని పోయాడు. నేను కాఫీ తాగడానికి పోయాను. అప్పటికే జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. బొరుగులవాళ్ళు, బజ్జీలవాళ్ళు మైదానం చుట్టూ చేరారు.

నేను కాఫీ గ్లాసు పట్టుకుని తిరిగి వచ్చేసరికి నాయన పంచె ఎగ్గట్టి, గాలిపంపు మీద ఊగుతున్నాడు. అంగీ వీపంతా తడిసి ఉంది. అత్త టిఫిను క్యారియరు పట్టుకుని నీడన నిలబడి చూస్తోంది.

"నాయనా! ఏం చేస్తాండావు?"

"అయిపోయిందిరా. ఇదొక్కటే ఉండాది."

"ఏమయిపోయింది?"

"కొసరురా" అన్నాడు, ఆయాసపడుతూ నవ్వుతూ. "మీ మామ కొలిచి పెట్టినాడంటనే. కొలిచినంతే పెట్టి పందేనికి పంపిస్తామా? చక్రానికి పది పంపు దెబ్బలు ఏసినా. మామ కూచునే పక్కన బరువు గదా, ఆ పక్కన ఇంకో అయిదు."

పదిహేను రోజుల మా కష్టం కళ్ళ ముందు తిరిగింది. నేను ఆయన మీద అరిచాను. కొడుకు తండ్రి మీద అరవకూడనంత గట్టిగా అరిచాను. బజ్జీలవాడు కూడా తిరిగి చూశాడు. నాయనకు నా కోపం అర్థం కాలేదు, నిజంగానే నొచ్చుకున్నాడు.

"దీనికింత రంకెలెందుకురా? గాలేమన్నా విషమా? మన బస్సుకు రోజూ ఏసేవాణ్ణి. మీ మామ రాకముందే లేసి, కూలోళ్ళను పెట్టి కొట్టించేవాణ్ణి. రోజుకు రోంత రోంత. మీ మామకు గూడా తెలీదు. శివరాత్రి పొద్దయితే దేవుని పని గదా అని రెండింతలు కొట్టించినా."

 చెబితే అతిశయోక్తి అనుకుంటారు గానీ, చేతిలోని కాఫీ గ్లాసు ఎప్పుడు పడిపోయిందో నాకు తెలియదు. గరుసు మీద జరిగిన ఆ వెనక చక్రాలు, బీడులో విన్న ఆ గరగర, మామ "సరే బావా" అనడం, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. వేగం కాదు. వేగం కానే కాదు. నాయన వైపు చూశాను. ఆయన ఇంకా నవ్వు ముఖంతోనే ఉన్నాడు, ఏం చెప్పాడో ఆయనకే తెలియదు. అత్త వైపు చూశాను. ఆమెకు తెలిసింది. గాలి సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు, మా సాధన కబుర్లన్నీ పదిహేను రోజులు అన్నాల దగ్గర వింటూనే ఉంది.

అప్పుడే మామ కడవలు చూసుకుని వచ్చాడు. నేను ఆగలేకపోయాను.

"మామా, ఆ పొద్దు బస్సు పడింది నీ వల్ల కాదు. నాయన రోజూ నీకు తెలీకుండా టైర్లకు ఎక్కువ గాలి కొట్టించేవాడంట. శివరాత్రికి రెండింతలంట!"

మామ పంపు వైపు చూశాడు. చెమటతో ఉన్న నాయన వైపు చూశాడు.

"తెలుసు" అన్నాడు.

అంతకు ముందు తగిలిన దెబ్బ ఈ మాట ముందర దెబ్బే కాదు.

"ఏం తెలుసు?" అంది అత్త.

"బావ కొసరు ఏస్తాడని మొదట్నుంచీ తెలుసు. పొద్దున బావ సూస్తాండంగ బయల్దేరేది. ఊరు దాటినాక చింతతోపు కాడ నిలబెట్టి, ఎక్కువైంది తీసేసేది. రోజూ అంతే."

"మరి శివరాత్రి పొద్దు?"

"ఆ పొద్దు బావ నా పక్కనే కూచోనుండె."

 దూరంగా మొదటి కారు పందెంలోకి దిగినట్టుంది, జనం కేకలు పెట్టారు. మామ నేల చూస్తూ చెప్పాడు. "టెంకాయ కొట్టి, ఆయన ఏయించిన గాలి. ఆయన ముందరే ఎట్ల తీసేది? అంతమంది సుట్టాలు. మెల్లగ పోతే సాల్లే అనుకున్యా. మెల్లగనే పోయినా."

"మెల్లగనే పోయినావా?" అంది అత్త.

"ఊఁ."

అత్త టిఫిను క్యారియరు కింద పెట్టింది. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు.

"నా మొగుడు తొందరపడి నా చెయ్యి ఇరగ్గొట్టినాడు అనుకున్యా నాలుగేండ్లు. పోనీలే, మనిసన్నాక తప్పు జరుగుతాదని రోజూ మనసుకు చెప్పుకున్యా. ఎడమచేత్తో అన్నం కలుపుకున్నప్పుడల్లా చెప్పుకున్యా. నేను వడ్డిస్తాంటే నువ్వు నా ఎదురుగానే కూచోని తింటాంటివి గదా. మీ బావకు మనసు కష్టమైతాదని నోరు మూసుకున్యావు. నాకేమైతాదో ఒక్కనాడన్నా అనుకోలేదా?"

 నాయన పంపు పిడి పట్టుకుని అలాగే ఉన్నాడు. ఆయనకు అప్పటికి ఎక్కింది.  "నాకు ఒక్క మాట చెప్పింటే..." అన్నాడు, ఆ పైన ఆపేశాడు. చెప్పి ఉంటే ఏం చేసేవాడు? నొచ్చుకుని మూడు రోజులు మాట్లాడకుండా ఉండేవాడు. మా ఇంట్లో అందరం ఆ మూడు రోజులకు భయపడి బతికాం. కొసరు వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. నాకు మామ మీద వచ్చినంత కోపం నాయన మీద కూడా రాలేదు. ఇప్పటికీ ఆ కోపం ఉంది. మంచితనం పేరు పెట్టి ఒక మనిషి ఇంకో మనిషికి ఇంత చెయ్యొచ్చా అని ఇప్పటికీ అదిరిపోతూనే ఉంటాను.

పందెంవాళ్ళు మామ పేరు పిలవడానికి ఇంకా మూడు కార్లు ఉన్నాయి. మామ గేజి తీసుకుని చక్రం దగ్గరికి వంగబోయాడు. అత్త ఆపింది.

"నువ్వు కాదు. ఏసినోళ్ళే తీయాల. అన్నా, మీరు రాండి."

నాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం ఆ చేతులకు తెలియదు. మూత తీసి, పుల్లతో నొక్కితే గాలి బుస్సుమని వచ్చింది. కొంచెం తీసి "సాలా?" అని నన్నడిగాడు. గేజి పెట్టి చూశాను. "లేదు నాయనా, ఇంకా నాలుగు పౌన్లుండాది." మళ్ళీ నొక్కాడు. "సాలా?" ప్రతి చక్రం దగ్గరా ఒక పౌను మిగిల్చే ఆపేవాడు. కావాలని కాదు, వేలు దానంతటదే లేచిపోయేది. ప్రతిసారీ నేను ఇంకొక పౌను తీయించాను. నాలుగో చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అత్త కదలకుండా నిలబడి చూసింది.

మామ పందెంలోకి దిగాడు.   కడవల మధ్య కారు ఎటు తిప్పితే అటు, నేలను విడవకుండా తిరిగింది. పీపా దగ్గర వెనక చక్రం కాస్త జరిగింది.  మామ అక్కడే సర్దుకుని తిరిగి వచ్చేశాడు. ఒక్క కడవ పగలలేదు. మొదటి బహుమతి ఒక డాక్టరుకు పోయింది, మామ నాలుగో వాడో అయిదో వాడో. ఆ లెక్క ఎవరికి కావాలి?

కారు తెచ్చి మా ముందు నిలబెట్టి, మామ లోపలి నుంచే పక్క తలుపు తెరిచాడు. దిగలేదు, పిలవలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని అత్త వైపు చూశాడు. ఆ చూపు చూస్తే నాకున్న కోపం కూడా ఒక్క క్షణం తగ్గింది.

అత్త తెరిచిన తలుపు దాకా నడిచింది. అక్కడ ఆగి, వెనక తలుపు తీసి, వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. వంకర చేతిని ఒళ్ళో పెట్టుకుని, కొంగు సర్దుకుంది.

"ఆ పక్కన మీరు కూచోండన్నా" అంది నాయనతో. "ఆ పొద్దు గూడా మీరే కూచోనుంటిరి."

నాయన కూర్చున్నాడు. నేను వెనక అత్త పక్కన ఎక్కాను. కారు బయలుదేరింది. మామ మెల్లగానే నడిపాడు. బనగానపల్లె చేరేదాకా ఆ రెండు తలలూ నా ముందర పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి కూడా రెండోదాని వైపు తిరగలేదు.